సీటొచ్చింది సరే, మొదటి రెండు లక్షలు ఎవరిస్తారు?



ముందు ఒక్క ప్రశ్నకు జవాబు ఆలోచించండి. కృష్ణపట్నం పక్కన కండలేరు ఉప్పుటేరులో ఎండ్రకాయలు పట్టి బతికే ఒక యానాది కుటుంబం ఉంది. ఆ ఇంటి ఆడపిల్ల ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో డిగ్రీ చేసింది. చేపల మీద, ఉప్పునీళ్ళ మీద పై చదువు చదవాలని విదేశీ యూనివర్సిటీకి అప్లై చేసింది. సీటొచ్చింది. ఇప్పుడు ఏంది?

ఇంత బొగ్గు, ఇంత నూనె దిగుమతి చేసుకునే పోర్టు కళ్ళెదురుగానే ఉంది. దేశదేశాల ఓడలు వస్తాయి, పోతాయి. ఆ పిల్ల మాత్రం ఈ తీరం దాటాలంటే బ్యాంకు ఖాతాలో ఎంతుందని అడుగుతారు. సున్నా అంటే అక్కడితో కథ అయిపోయినట్టే.

మన వాళ్ళలో చాలామంది దీన్ని మార్కుల సమస్య అనుకుంటారు, ఇంగ్లీషు సమస్య అనుకుంటారు. అవి ఉన్నాయి, కాదనను. వాటిని దాటిన పిల్లల్ని కూడా ఆపేస్తున్నది డబ్బు. అందులోనూ డబ్బు ఎంతన్నదానికంటే, అది ఎప్పుడొస్తుందన్నదే అసలు గొడవ. ఈ మాట అర్థమైతే మనం ప్రభుత్వాన్ని ఏం అడగాలో తెలుస్తుంది.

ముందు ఒక వాదనకు జవాబు

"గిరిజన కాలనీలో తాగునీళ్ళు లేవు, పిల్లలకు ఆధార్ కార్డుల్లేవు, మీకు లండన్ చదువులా?" అంటారు. బయటివాళ్ళే కాదు, మనలోనూ కొందరంటారు.

తాగునీళ్ళు ఇస్తే లండన్ ఇవ్వక్కర్లేదని ఏ చట్టంలో రాసుంది? ఊళ్ళో రోడ్డు లేదు కాబట్టి మీ అబ్బాయిని అమెరికా పంపొద్దని పెద్ద కులాల రైతును ఎవరైనా అడిగారా? రెండూ కావాలి. పైగా ఒకదానికి ఇంకొకటి పనికొస్తుంది.

మన చరిత్ర చూడండి. శ్రీహరికోట యానాదుల దీవి. అక్కడినుంచి మన వాళ్ళను కదిలించారు, 1971 నుంచి రాకెట్లు ఎగురుతున్నాయి. కృష్ణపట్నంలో 2008లో పోర్టు మొదలైంది, పక్కనే నేలటూరులో థర్మల్ పవర్ స్టేషన్ వచ్చింది. ప్రతిసారీ ఒక రిపోర్టు రాస్తారు. ఏరు ఏమవుతుంది, చేప ఏమవుతుంది, బూడిద ఎక్కడ పోస్తారు అని. ఆ రిపోర్టులు రాసేది ఈ ఏట్లో ఒక్కసారి కూడా కాలు పెట్టనివాళ్ళు. ప్రజాభిప్రాయ సేకరణ అని టెంటు వేసి మైకు ఇస్తారు. మన వాళ్ళు లేచి చేపలు తగ్గాయంటే, "సైంటిఫిక్ ఆధారం ఏది?" అంటారు. ఏ పోటుకు ఏ మడుగులో ఎండ్రకాయ దొరుకుతుందో తెలిసిన ఇంటి పిల్ల చేతిలో ఆ సైన్సు డిగ్రీ కూడా ఉంటే ఆ టెంటు కింద మాట వేరేగా ఉంటుంది.

జైపాల్ సింగ్ ముండాను గుర్తుచేసుకోండి. ఖుంటీ దగ్గర టక్రా ఊరి ముండా పిల్లాడు ఆక్స్‌ఫర్డ్ సెయింట్ జాన్స్ కాలేజీలో చదివాడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు కెప్టెన్. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో ఆదివాసీల తరఫున నిలబడి మాట్లాడాడు. "విదేశాలకు పోయినోళ్ళు తిరిగొస్తారా?" అని అడిగేవాళ్ళకు ఆయన జీవితమే జవాబు. అయితే ఆయన్ని ఇంగ్లండు తీసుకెళ్ళింది ఒక మిషనరీ. ఆయన ప్రతిభకు తోడు, ఆ దయగల మనిషి కంటబడటం కూడా జరగాల్సొచ్చింది. వందేళ్ళు దాటాయి. మన పిల్లలు ఇంకా ఎవరో ఒకరి దయ కోసం చూడాలా? దయ వద్దు, హక్కుగా కావాలి.

విమానం ఎక్కకముందే ఎంత?

లెక్క వేద్దాం. అమెరికా అనుకోండి. పాస్‌పోర్టు 1,500 రూపాయలు. ఐఈఎల్‌టీఎస్ పరీక్ష దాదాపు 18 వేలు. నాలుగు యూనివర్సిటీలకు అప్లికేషన్ ఫీజులు కట్టాలంటే తక్కువలో తక్కువ 30 వేలు. సీటొచ్చాక సెవిస్ ఫీజు 350 డాలర్లు, అంటే 30 వేల పైన. వీసా ఫీజు 185 డాలర్లు, 16 వేలు. విమానం టికెట్టు 75 వేలు అనుకుందాం. మొత్తం లక్షా డెబ్బై వేలు దాటింది. చలికోటు, దిగగానే గది అడ్వాన్సు, మొదటి నెల తిండి కలిపితే రెండు లక్షలకు పైమాటే. ఇంకా కాలేజీ ఫీజు ఒక్క రూపాయి కట్టలేదు.

ఇది పోసే ఖర్చు. దీనికి తోడు చూపించే డబ్బు ఉంటుంది. అమెరికాలో ఐ-20 కాగితం ఇవ్వాలంటే మొదటి ఏడాది ఖర్చంతా మీ దగ్గర ఉందని చూపాలి. జర్మనీలో ఎక్కువ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు. వినడానికి బాగుంది. అయితే వీసాకి ముందే 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో వేయాలి, నెలకు 992 చొప్పున అక్కడికెళ్ళాక మీకే తిరిగిస్తారు. మన లెక్కలో 12 లక్షల దాకా. చదువు ఉచితమే, చదవడానికి పోవడం ఉచితం కాదు. కెనడా 2024 జనవరిలో చూపించాల్సిన డబ్బును 10 వేల డాలర్ల నుంచి ఒక్క దెబ్బకు 20,635 డాలర్లు చేసింది. ఆస్ట్రేలియా 2024 జులైలో వీసా ఫీజునే 710 డాలర్ల నుంచి 1,600కు పెంచింది.

ఉన్నోళ్ళకు ఇది ఇబ్బందే, కానీ దాటగలిగిన ఇబ్బంది. పొలం ఉంది, తాత ఇల్లుంది, మేనమామ ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. మూడు నెలలు ఖాతాలో వేసి చూపిస్తారు. మన పిల్లకు ఆ మేనమామ కూడా రొయ్యల గుంట దగ్గర కాపలా ఉంటాడు.

లోన్ తీసుకోవచ్చు గదా అంటారు

విద్యా రుణం నియమాలు చదవండి. 4 లక్షల వరకు తాకట్టు అడగరు. కేంద్రం గ్యారంటీ ఫండ్ కింద ఏడున్నర లక్షల వరకు తాకట్టు లేకుండా ఇవ్వొచ్చు. ఆ పైన ఆస్తి చూపాలి. అమెరికాలో రెండేళ్ళ మాస్టర్స్‌కు 40 లక్షలు దాటడం మామూలు. మిగిలిన ముప్పై రెండు లక్షలకు ఏం తాకట్టు పెడతాం? గిరిజన కాలనీలో ఇచ్చిన ఇంటి పట్టానా? వలా? 2024 నవంబరులో కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో తాకట్టు లేదు, నిజమే. అది మన దేశంలోని ఎంపిక చేసిన సంస్థల్లో చదివేవాళ్ళకే.

సరే, ఏదో ప్రైవేటు ఫైనాన్స్ సంస్థ ఇచ్చిందనుకుందాం. నేను ఇంకో మాట చెప్తాను, జాగ్రత్తగా వినండి. అప్పు అన్న మాట అందరికీ ఒకేలా వినపడదు. ఆస్తి ఉన్నవాడికి అప్పు ఒక మెట్టు. మన వాళ్ళకు అప్పంటే 'అడ్వాన్సు'. రొయ్యల గుంట దగ్గర, కట్టెల కాంట్రాక్టరు దగ్గర, ఇటుక బట్టీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, అది తీరక, పిల్లాపాపలతో అక్కడే ఉండిపోయిన కుటుంబాలు మన యానాదుల్లో ఎన్ని! వెట్టి నిషేధ చట్టం వచ్చింది 1976లో. ఆ తర్వాత కూడా విడిపించాల్సి వస్తూనే ఉంది. అటువంటి ఇంట్లో నాన్న దగ్గరికెళ్ళి "40 లక్షలకు సంతకం పెట్టు నాయనా" అని పిల్ల అడగగలదా? అడిగినా ఆయన పెట్టగలడా? ఆయన భయాన్ని అమాయకత్వం అనకండి. అనుభవం ఉంది కాబట్టి భయపడుతున్నాడు.

అందుకే చెప్తున్నా. లోన్ మేళాలు పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. మనకు కావాల్సింది స్కాలర్‌షిప్, అదీ ముందుగా వచ్చే స్కాలర్‌షిప్.

ఉన్న పథకాలు ఏమంటున్నాయి?

కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖకు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. మాస్టర్స్, పీహెచ్‌డీ, పోస్ట్ డాక్టోరల్ చదువులకు. ట్యూషన్ ఫీజు, టికెట్టు, ఖర్చులు ఇస్తుంది. మంచి పథకం, తప్పకుండా అప్లై చేయండి. కుటుంబ ఆదాయం ఏడాదికి 6 లక్షలు మించకూడదు. సీట్లు ఎన్నో తెలుసా? ఏడాదికి 20. మొత్తం దేశానికి. 17 ఎస్టీలందరికీ, 3 అత్యంత బలహీన గిరిజన తెగలకు. చెంచులు, కొండరెడ్లు ఆ మూడింటికి పోటీ పడొచ్చు. యానాదులు ఆ జాబితాలో లేరు, 17లోనే రావాలి. 2011 లెక్కల ప్రకారం దేశంలో ఎస్టీలు పది కోట్లు దాటారు. అంటే యాభై లక్షల మందికి పైగా జనానికి ఏడాదికి ఒక్క సీటు. యానాదుల జనాభా 2011లో ఐదు లక్షల పైచిలుకు. జనాభా ప్రకారం పంచితే మన వంతు పదేళ్ళకు ఒకటి.

ఖర్చులకిచ్చే డబ్బు చూడండి. బ్రిటన్‌లో చదివితే ఏడాదికి 9,900 పౌండ్లు. బ్రిటన్ ప్రభుత్వం 2025 జనవరిలో పెట్టిన వీసా నిబంధన ప్రకారం అప్పట్లో లండన్ బయట చదివేవాళ్ళకు నెలకు 1,136 పౌండ్లు కావాల్సి ఉండేది, తొమ్మిది నెలల లెక్క చూపాల్సి ఉండేది. అంటే 10,224 పౌండ్లు. లండన్‌లో అయితే అప్పుడు నెలకు 1,483. మన ప్రభుత్వం పన్నెండు నెలలకిచ్చేది వాళ్ళు తొమ్మిది నెలలకు కనీసం కావాలన్నదానికంటే తక్కువ! ఇది దాపరికం లెక్కేమీ కాదు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా కనపడుతుంది.

దళిత, సంచార జాతుల విద్యార్థుల కోసం సామాజిక న్యాయ శాఖ నడిపే ఇదే పేరు పథకంలో 2025లో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. 106 మందిని ఎంపిక చేశారు, మొదట 40 మందికే పత్రాలిచ్చారు. మిగతావాళ్ళకు నిధులుంటే ఇస్తామన్నారు. సీటు చేతిలో పెట్టుకుని, క్లాసులు మొదలయ్యే తేదీ చూసుకుంటూ, "నిధులుంటే" అన్న మాట మీద కూర్చోవడం ఎట్లా ఉంటుందో ఊహించండి. ఆ పథకంలోనే 2022లో భారతీయ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధనకు డబ్బివ్వమని నిబంధన పెట్టారు. తన జాతి చరిత్రను తానే రాయాలనుకున్న పిల్లకు తలుపు మూసినట్టే గదా.

ఇక మన రాష్ట్రం. ఆంధ్రప్రదేశ్‌లో విదేశీ విద్యకు 10, 15 లక్షలిచ్చే పథకం ఒకటుండేది. 2019లో ప్రభుత్వం మారాక ఆగిపోయింది. 2022లో కొత్త పేరుతో ఇంకో పథకం వచ్చింది. ఎస్టీలకు కోటీ పాతిక లక్షల వరకు అన్నారు. అంకె పెద్దదే. అయితే క్యూఎస్ ర్యాంకుల్లో సబ్జెక్టుకు మొదటి 50లో ఉన్న యూనివర్సిటీలోనే సీటు రావాలన్నారు. గిరిజన గురుకులంలో చదివి, డిగ్రీ దాకా ఇంగ్లీషుతో కుస్తీ పట్టిన పిల్లకు ప్రపంచంలో మొదటి 50 అనే గీత గీశారు. దాన్ని దాటినా డబ్బు నాలుగు వాయిదాలు. మొదటి వాయిదా ఎప్పుడు? ఆ దేశంలో దిగి, దిగినట్టు ఇమ్మిగ్రేషన్ కాగితం చూపించాక! మిగతావి సెమిస్టర్ ఫలితాలొచ్చాక.

ఇదీ అసలు ముడి. దిగాక డబ్బిస్తామంటే, దిగేదాకా ఎవరి డబ్బుతో పోవాలి? ముందు సొంతంగా పెట్టుకోగలిగినవాళ్ళకే ఆ పథకం అందేది. రాసినవాళ్ళు మనల్ని కావాలని బయటపెట్టి ఉండకపోవచ్చు. ఇంట్లో రెండు లక్షలు లేని కుటుంబం ఒకటి ఉంటుందని వాళ్ళకు తట్టలేదు, అంతే. కానీ ఫలితం ఒకటే.

కుదరదా అంటే కుదురుతుంది. జార్ఖండ్‌లో జైపాల్ సింగ్ పేరు మీదే మరాంగ్ గోమ్కే స్కాలర్‌షిప్ పెట్టారు. ఫీజు, బతుకు ఖర్చు మొత్తం ప్రభుత్వమే భరిస్తుంది. 2021లో తొలి జట్టుగా ఆరుగురు ఆదివాసీ పిల్లలు బ్రిటన్ వెళ్ళారు. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా ఇస్తున్నారు. మనసుంటే మార్గం ఉంటుందని మన పెద్దలు ఊరికే అనలేదు.

మనం అడగాల్సింది

ఊరికే "న్యాయం కావాలి" అంటే వినతిపత్రం తీసుకుని పక్కన పెడతారు. ఇట్లా అడుగుదాం.

ఒకటి. ప్రతి ఐటీడీఏలో మొదటి ఖర్చుల నిధి ఉండాలి. నెల్లూరు యానాదుల ఐటీడీఏతోనే మొదలుపెట్టమందాం. పరీక్ష ఫీజు, అప్లికేషన్లు, పాస్‌పోర్టు, వీసా, టికెట్టుకు రెండు లక్షల వరకు ముందుగా ఇవ్వాలి, తిరిగి కట్టమనకూడదు. ఏడాదికి పాతిక మందికి ఇచ్చినా 50 లక్షలు. ప్రభుత్వానికి ఇదొక లెక్కా?

రెండు. పథకానికి ఎంపికైన రోజే రాయబార కార్యాలయం ఒప్పుకునే హామీ పత్రం ఇవ్వాలి. ఈ విద్యార్థి ఖర్చు ప్రభుత్వానిదని రాసివ్వాలి. అప్పుడు మన పిల్ల ఖాతాలో సున్నా ఉన్నా పర్వాలేదు. మొదటి వాయిదా విమానం ఎక్కకముందే పడాలి.

మూడు. ఖర్చుల డబ్బు ఆ దేశం వీసాకి అడిగే కనీసం కంటే తగ్గకూడదు. వాళ్ళు పెంచినప్పుడల్లా ఇదీ పెరగాలి.

నాలుగు. కేంద్రం 20 సీట్లను పెంచాలి. రాష్ట్ర పథకంలో మొదటి 50 ర్యాంకుల గీత ఉండకూడదు.

ఐదు. ఎంపికైనవాళ్ళ లెక్క తెగవారీగా బయటపెట్టాలి. పేర్లు అక్కర్లేదు. యానాదులు ఎందరు, చెంచులు ఎందరు, సవరలు ఎందరు, ఆడపిల్లలు ఎందరు. ఎస్టీ అని ఒక్క అంకె చూపిస్తే చాలదు. మనలో ముందున్నవాళ్ళెవరో, వెనకున్నవాళ్ళెవరో మనకే తెలియాలి. చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పది రూపాయల పని.

చదువుకునే తమ్ముడూ, చెల్లీ, ఇది మీకు

ప్రభుత్వం మారేదాకా ఆగొద్దు. ఇప్పుడే చేయగలిగినవి ఉన్నాయి.

డిగ్రీ రెండో ఏడాదిలోనే పాస్‌పోర్టు తీసుకోండి. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాల్లో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ టెన్త్ సర్టిఫికెట్‌తో సరిగ్గా కలుస్తున్నాయో చూసుకోండి. ఒక్క అక్షరం తేడాతో ఆగిపోతే మళ్ళీ సచివాలయం చుట్టూ తిరిగే టైము ఉండదు.

డబ్బు పెట్టి చదివే చదువును వెతికేముందు, డబ్బిచ్చి చదివించే చదువును వెతకండి. అమెరికాలో సైన్సు పీహెచ్‌డీలకు చాలాచోట్ల ఫీజు మాఫీ చేసి నెలనెలా జీతంలా ఇస్తారు. యూరప్‌లో ఎరాస్మస్ ముండస్ మాస్టర్స్ స్కాలర్‌షిప్ వస్తే ఫీజు లేదు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు. చేపల పెంపకం మీద కూడా అందులో కోర్సు ఉంది. అప్లికేషన్ ఫీజు కట్టలేకపోతే మాఫీ అడుగుతూ యూనివర్సిటీకి ఉత్తరం రాయండి. అడగడం నామోషీ కాదు, చాలామంది అడుగుతారు, కొన్నిచోట్ల ఇస్తారు.

"ఖాతాలో డబ్బు మేం చూపిస్తాం, కమీషన్ ఇవ్వు" అనే కన్సల్టెన్సీల దగ్గరికి పోవద్దు. దొంగ కాగితమని తేలితే వీసా ఆ ఒక్కసారికే కాదు, ఎప్పటికీ కష్టమవుతుంది. 2019 జనవరిలో అమెరికాలో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ కేసు గుర్తుందా? అది అక్కడి ప్రభుత్వమే పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. 130 మంది విద్యార్థులను అరెస్టు చేస్తే 129 మంది మన దేశం వాళ్ళు, అందులో తెలుగు పిల్లలే ఎక్కువ. ఉన్నోళ్ళ పిల్లలు అట్లాంటి దెబ్బ తిని కూడా ఇంటికొచ్చి నిలదొక్కుకోగలరు. మనకు ఆ వెసులుబాటు లేదు.

స్కాలర్‌షిప్ రాని ఏడాది వస్తే, ఆ ఏడాది ఆగండి. సీటు పోతుందన్న కంగారులో నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవద్దు. సీటు మళ్ళీ వస్తుంది. తీరని అప్పులో పడితే ఇంట్లో తర్వాతి పిల్లల చదువు కూడా పోతుంది.

మాతో ఉన్న మిత్రులకు

మీలో విదేశాల్లో చదివినవాళ్ళున్నారు, ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళున్నారు. సంతాపం, సానుభూతి వద్దు. ఒక పిల్ల అప్లికేషన్ ఉత్తరం దిద్దిపెట్టండి. ఒక ఐఈఎల్‌టీఎస్ ఫీజు కట్టండి. దిగిన రోజు ఎయిర్‌పోర్టుకొచ్చి నెల రోజులు గది చూపించండి. తెలుగు సంఘాల మహాసభలకు లక్షల డాలర్లు ఖర్చు పెడతారు. ఆ వేదికల మీద ఆదివాసీ విద్యార్థికి మొదటి ఖర్చుల నిధి అని ఒక తీర్మానం చేయించగలరా? అయితే ఒకటి గుర్తుంచుకోండి, మీ సాయం ప్రభుత్వం బాధ్యతకు బదులు కాదు. ప్రభుత్వం చేసేదాకా పట్టుకునే చెయ్యి, అంతే.

రాకెట్లకు దీవి ఇచ్చాం. ఓడలకు తీరం వదిలాం. వాటి లాభం లెక్కలు ఎన్ని వేల కోట్లో పేపర్లలో చదువుతూనే ఉన్నాం. మనం అడుగుతున్నది ఒక పిల్లకు రెండు లక్షలు, అదీ ముందుగా. ఈ వారమే మీ కాలేజీలో పదిమంది కూర్చుని పైన రాసిన ఐదు కోరికలు ఒక కాగితం మీద పెట్టండి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు తీసుకెళ్ళి ఇవ్వండి, రసీదు అడిగి తీసుకోండి. ఆ రసీదు దాచిపెట్టండి. మనం అడగలేదని రేపు ఎవరూ అనకూడదు.